రహస్యము కాపాడుటయే తొలి సాయము

జగదల్‌పూర్ నుండి సుక్మా మీదుగా కుంటకును, అచటినుండి ఆంధ్రదేశమునకును పోవు రహదారిపై తోంగ్‌పాల్ అను ఊరు కలదు. ఇట్టి చిన్న ఊళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియనిది కాదు. ఒకనికి జ్వరము వచ్చినచో సాయంకాలమునకు ఊరంతయు నెరుగును. జ్వరమునకు ఇది మేలే. ఇరుగుపొరుగువారు వచ్చి ఆదుకొందురు. కాని పైకి చెప్పుకొనలేని బాధ గలవారికి ఇదియే భయకారణమగుచున్నది.

తన మనస్సు పురుషునిపైననే పోవుచున్నదని గ్రహించిన యువకుడును, స్త్రీని ప్రేమించిన యువతియు, పురుషదేహముతో పుట్టియు తాను స్త్రీనేయని యెరిగిన వ్యక్తియు ఎవరితో చెప్పుకొందురు? ఇంటివారు వెళ్లగొట్టుదురేమో, భూతవైద్యుని కడకు కొనిపోవుదురేమో, బలవంతముగా పెండ్లి చేయుదురేమో యను శంక వారి నోరు కట్టివేయును. ఆ మౌనమే నిద్రలేమికిని, త్రాగుడుకును, ఒక్కొక్కప్పుడు ఆత్మహత్యా ప్రయత్నమునకును దారితీయును.

ఇది రోగము కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17వ తేదీన స్వలింగాకర్షణను రోగముల పట్టికనుండి తొలగించినది. వయోజనులు పరస్పర సమ్మతితో నెరపు స్వలింగ సంబంధము నేరము కాదని 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. స్వభావమును "మార్చెదము" అని చేయు చికిత్సలు వైద్యవృత్తికి తగని దుష్ప్రవర్తనయని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించినది. కావున చికిత్స కావలసినది స్వభావమునకు కాదు. భయమువలన కలిగిన దిగులునకును, ఎల్లరికివలె వచ్చు దేహరుగ్మతలకును మాత్రమే.

సాయము లభించు మార్గములు

మొదటిది టెలిఫోను. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును. హిందీ, తెలుగు మొదలగు భాషలలో సలహా లభించును. హెచ్.ఐ.వి.ని గూర్చిన సందేహములకు 1097 నంబరు కలదు.

రెండవది ఊరిలోని మితానిన్. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ఆరంభమైన ఈ ఆరోగ్య కార్యకర్తల పేరునకు స్నేహితురాలని అర్థము. దగ్గరి ఆసుపత్రికి దారి చూపుటకు ఆమెకంటె తగినవారు అరుదు.

మూడవది ప్రభుత్వ ఆసుపత్రి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, లైంగికాకర్షణను బట్టి చికిత్సలో భేదము చూపరాదు. రోగి సంగతులు వెల్లడింపరాదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు లేకపోయినను, ప్రభుత్వ మానసిక చికిత్సాలయములలో చికిత్స ఉచితము.

హైదరాబాదు నేర్పిన పాఠము

చట్టమున్నను, గడప దాటుటకు ధైర్యము కావలెను. 2021లో హైదరాబాదున ట్రాన్స్‌జెండర్లకొరకు మిత్ర్ క్లినిక్ తెరువబడినది. ట్రాన్స్‌జెండర్లే అందు సేవలు నిర్వహించిరి. తమను చూచి నవ్వనివారు, తమ బాధ నెరిగినవారు బల్లకు ఆవల కూర్చుండుటచేత వచ్చినవారికి సంకోచము తీరెను. అమెరికా ధనసహాయము నిలిచిపోగా 2025 జనవరిలో అది మూతపడెను. టాటా ట్రస్టుల తోడ్పాటుతో అదే సంవత్సరము సబ్‌రంగ్ అను పేర మరల తెరువబడెను. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి: ఆదరణ మందువలెనే అవసరము, ఆ ఆదరణ దూరపు నగరమున ఒక్కచోట నున్న చాలదు, ప్రతి ఊరి ఆసుపత్రియందును ఉండవలెను.

వినువారి కర్తవ్యము

ఒకరు మనసు విప్పినపుడు ఈ నియమములు పాటింపవలెను:

1. మాట మధ్యలో అడ్డుపడక వినవలెను.
2. విన్నది చెప్పినవారి అనుమతి లేక ఇంటివారికైనను చెప్పరాదు.
3. పెండ్లియే మందని సలహా ఇయ్యరాదు. అది మరియొక జీవితమునకును దుఃఖము తెచ్చును.
4. చనిపోవలెనను మాట వినబడినచో వారిని ఒంటరిగా విడువక, అంగీకారముతో 14416కు ఫోను చేయించవలెను. ప్రాణాపాయము సమీపించినపుడు మాత్రము రహస్యముకంటె ప్రాణము ముఖ్యము.

తల్లిదండ్రులు నిరాశ చెందనక్కరలేదు. 2022లో బస్తర్ ఫైటర్స్ అను పోలీసు దళమునకు 9 మంది ట్రాన్స్‌జెండర్లు ఎంపికైరి. ఆదరించిన బిడ్డ ఇంటికి అండయగును. తరిమివేసిన బిడ్డ ఏ సంతలో, ఏ రైలులో చేయి చాచునో ఎవరెరుగుదురు?