రూటరు ద్వారములు తెరచు విధము

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ ద్వారా ఇంటర్నెట్టు అందించుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకమునకు 2015లో భారత్‌నెట్ అని పేరు పెట్టిరి. కాని లైను కార్యాలయము వరకు వచ్చినంతమాత్రమున పని ముగియదు. బయటి లైనునకు, కార్యాలయములోని కంప్యూటర్లకు నడుమ నిలిచి సమాచారమును దారి మళ్లించు యంత్రము రూటరు. దాని అమరిక సరిగా లేనిచో ధ్రువపత్రములకై వచ్చిన ప్రజలు వట్టి చేతులతో మరలిపోవలసి వచ్చును. కనుక సభ్యులు ఈ విషయమును గ్రహించుట అవసరము.

ఇంటర్‌ఫేసు అనగా నేమి?

రూటరునకు కేబులు తగిలించు ఒక్కొక్క ద్వారమును ఇంటర్‌ఫేసు అందురు. చెరువు నిండియున్నను తూము ఎత్తనిదే పొలమునకు నీరు పారదు గదా! సిస్కో రూటర్లలో ఇంటర్‌ఫేసులు సాధారణముగా మొదట మూసియే యుండును.

చేయవలసిన పనులు

1. చిరునామా యిచ్చుట: లోపలి ఇంటర్‌ఫేసునకు 192.168.1.1 అను చిరునామాను, 255.255.255.0 అను మాస్కును ఇచ్చినచో, ఇతర పరికరములకు 253 చిరునామాలు మిగులును. వెలుపలి ఇంటర్‌ఫేసు చిరునామాను లైను ఇచ్చు సంస్థ తెలుపును. రెండును ఒకే నెట్‌వర్కునకు చెందరాదు.

2. తెరచుట: ‘నో షట్‌డౌన్’ అను ఆజ్ఞతో ఇంటర్‌ఫేసు తెరచుకొనును.

3. భద్రపరచుట: చేసిన అమరికను రూటరులో స్థిరముగా భద్రపరచనిచో, కరెంటు పోయి వచ్చినంతనే అది చెరిగిపోవును. పలువురు మరచునది ఇదియే.

పరీక్షించు విధము

‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ అను ఆజ్ఞ ఇచ్చినచో ప్రతి ఇంటర్‌ఫేసు స్థితియు తెరపై కనబడును. రెండు గడులలోను ‘అప్’ అని యున్నచో ద్వారము పనిచేయుచున్నట్లు. ‘అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్’ అని యున్నచో తెరువలేదని యర్థము. రెండింటను వట్టి ‘డౌన్’ అని యున్నచో ముందుగా కేబులును చూడవలెను.

సభ్యుల బాధ్యత

ఈ ఆజ్ఞలను సభ్యులు స్వయముగా ఇయ్యనక్కరలేదు. అది సాంకేతిక నిపుణుని పని. కాని పని పూర్తియైనదని సంతకము చేయుటకు ముందు, రూటరును ఆపించి, మరల వేయించి, ఇంటర్నెట్టు తిరిగి వచ్చినదో లేదో కన్నులార చూడవలెను. చిరునామాలను రిజిస్టరులో వ్రాయించి, పాస్‌వర్డును మాత్రము గోప్యముగా ఉంచవలెను. ఈ కొద్దిపాటి శ్రద్ధ వహించినచో, కరెంటు పోయినప్పుడెల్ల నిపుణునికై పట్టణమునకు కబురంపు అవస్థ గ్రామమునకు తప్పును.