పందికొక్కు – ఎడారి ఎలుక : ఒక పోలిక

ఎలుకలన్నీ ఒకటే అనుకుంటాం. కాని ఉండే చోటును బట్టి జీవి బతుకు ఎంతగా మారుతుందో వాటిని చూస్తే తెలుస్తుంది. మన డెల్టా వరిచేలలోని చిన్న పందికొక్కునూ, రాజస్థాన్ థార్ ఎడారిలోని ఎడారి ఎలుకనూ తీసుకుందాం. మొదటిదాని శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్, రెండవది మెరియోనిస్ హరియానే. రెండూ మ్యూరిడే కుటుంబానివే. ఇంగ్లీషులోని ‘బాండికూట్’ అనే మాట మన తెలుగు పందికొక్కు నుంచి పుట్టిందే!

నివాసం : పందికొక్కుకు తడినేల కావాలి. బాగా ఈదగలదు. గట్లలో బొరియ తవ్వి, వాకిట మట్టి కుప్ప పోసి, లోపలినుంచి దారి మూసుకుంటుంది. సాధారణంగా బొరియకొకటే ఉంటుంది, రాత్రిపూట తిరుగుతుంది. ఎడారి ఎలుకలు గుంపుగా, చాలా కన్నాలున్న బొరియల్లో ఉంటాయి, పగలే తిరుగుతాయి. చలికాలం మధ్యాహ్నం బయటికొస్తాయి. ఎండాకాలం మాత్రం ఉదయం, సాయంత్రం తిరిగి, ఎండవేళ చల్లని బొరియలో దాక్కుంటాయి.

ఆహారం, నీరు : పందికొక్కు వరి దుబ్బులు కొరికి, వెన్నులు బొరియలో దాచుకుంటుంది. తిన్నదానికన్నా దాచింది, పాడుచేసింది రైతును ఎక్కువ ఏడిపిస్తుంది. ఎడారి ఎలుక గింజలు, గడ్డి తిని నీళ్లు తాగకుండానే చాలాకాలం గడుపుతుంది. ఆహారంలోని తేమ, ఆ ఆహారం ఒంట్లో దహనమైనప్పుడు పుట్టే నీరు దానికి ఆధారం. మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచి నీటిని పొదుపు చేస్తాయి.

సంతానం : పందికొక్కు సుమారు 3 వారాలకే ఈని, ఈతకు ఆరేడు పిల్లల్ని పెడుతుంది. ఎడారి ఎలుకకు 4 వారాలు పడుతుంది. పిల్లలు మూడు నాలుగే.

ఈ తేడాలు తెలిస్తే మనకేం లాభం? సాయంత్రం గట్టుమీది కన్నాలన్నీ మూసేసి, తెల్లారి తెరుచుకున్నవాటిలోనే ఎర పెడితే మందు వృథా కాదు. జింక్ ఫాస్ఫైడ్ పెట్టేముందు ఒకటి రెండు రోజులు మందులేని ఎర అలవాటు చేయాలి. లేకపోతే చావక మిగిలిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. ఒక్కరే మందు పెడితే పక్కచేనువి వచ్చి చేరతాయి. అందుకే పొట్టదశకు ముందే ఊరంతా కలిసి చేయాలి.

ఇందిరాగాంధీ కాలువ నీళ్లు పారిన ఎడారి భాగాల్లో ఎడారి ఎలుకలు తగ్గి, తడినేల కోరే జాతులు చేరాయని జోధ్‌పూర్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞులు గమనించారు. నీరు వస్తే పంట ఒక్కటే రాదు, దాన్ని తినే జీవీ వస్తుంది. కొత్త ఆయకట్టు రైతులకు ఈ సంగతి ముందే చెప్పాల్సింది జంతుశాస్త్రం చదివే మనమే గదా!