కరెంటు పోయినప్పుడు అద్దాల తొట్టిలోని చేపలు

2016వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన వార్ధా తుపాను చెన్నపట్టణము వద్ద తీరము దాటినది. చెట్లు కూలి, తీగలు తెగి, అనేక పేటలకు రోజుల తరబడి కరెంటు లేకపోయినది. అట్టి సమయమున ఇంటివారు కొవ్వొత్తులకొరకు, మంచినీళ్లకొరకు వెదకుకొందురు. ముందు గదిలోని తొట్టిలో గాలి పంపు ఆగిన సంగతి జ్ఞప్తికి వచ్చుసరికి తెల్లవారవచ్చును. కొళత్తూరులో రంగుచేపల వ్యాపారమే జీవనముగా గలవారికి ఇది చెప్పనక్కరలేదు. వేడుకకై పెంచువారికే తెలియవలసి యున్నది. ప్రాణిని అద్దములో ఉంచుట తగునా యనునది వేరు ప్రశ్న. బిడ్డలు కోరిరనియో, ఎవరో బహూకరించిరనియో ఒకసారి ఇల్లు చేరిన పిమ్మట దాని ఊపిరి ఆ ఇంటివారి పూచీయే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల తొట్టిలో పది అంగుళముల లోతున నీరు పోసినచో సుమారు 47 లీటర్లగును. చూచుటకు చాల నీరే. కాని 28 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో ఇమిడియుండు ప్రాణవాయువు 8 మిల్లీగ్రాములైనను ఉండదు. తొట్టి మొత్తము మీద ఉన్నది ఒకటిన్నర లీటరు గాలిలో ఉన్నంత కూడ కాదు! నిల్వ ఇంత స్వల్పము; చేపల వాడకమో రాత్రింబవళ్లు ఆగనిది. కనుక ఏ పూటకాపూట పైనుండి సరకు దిగుచుండవలెను. అది దిగు ద్వారము నీటి పైభాగమొక్కటే. పంపు బుడగలే నీటికి గాలి నెక్కించునని చాలమంది తలంతురు. అది కొంత మాత్రమే. బుడగలు చేయు పెద్ద పని, అడుగు నీటిని పైకి తెచ్చి పైనీటిని కదల్చుట. ఇది తెలిసినచో పంపు లేనప్పుడు ఏమి చేయవలెనో చెప్పకయే తెలియును.

తొట్టి మూత తీసివేయవలెను. శుభ్రమైన స్టీలు చెంబుతో నీరు ముంచి, జానెడు ఎత్తునుండి తిరిగి అందులోనే పోయవలెను. అయిదు నిమిషములు పోసి, అరగంట ఆగి, మరల పోయవచ్చును. చేపలు తక్కువగా ఉన్న తొట్టి ఒక దినము నిలుచును. క్రిక్కిరిసిన తొట్టి కొన్ని గంటలకే చెడును. గోల్డుఫిష్ గుంపుగా పైకి చేరి నోళ్లు తెరచి మూయుచుండినచో ఆలస్యము కూడదు. గౌరామి, ఫైటరు చేపలు మాత్రము సహజముగనే పైకి వచ్చి గాలి మ్రింగును. వానిని చూచి కంగారుపడనక్కరలేదు. చేపలు మరీ ఎక్కువైనచో కొన్నిటిని ఆ తొట్టి నీటితోనే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులోనికి మార్చవలెను. పెద్దల నాటి రాగి బిందెలు, ఇత్తడి గంగాళములు దీనికి పనికిరావు. రాగి కొద్దిగా కరగినను చేపకు విషము.

జాలిపడి మేత వేయుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఎదిగిన చేప మూడు నాలుగు దినములు మేత లేకున్నను బాగుగనే యుండును. తినక మిగిలిన మేత కుళ్లి ఉన్న ప్రాణవాయువును హరించును. తిన్నదియు అమోనియా రూపమున నీటిలోనికే వచ్చును.

ఆ అమోనియాను విరుచునవి ఫిల్టరు స్పాంజిలో కాపురముండు సూక్ష్మజీవులు. వానికిని ప్రాణవాయువు కావలెను. మూతబిగించిన డబ్బా ఫిల్టరు కొన్ని గంటలు కదలక యున్నచో అవి చచ్చి లోపలి నీరు కుళ్లును. కరెంటు రాగానే ఆ కుళ్లు నీరంతయు ఒక్కసారి తొట్టిలో పడును. రాత్రియంతయు కాచుకొన్న చేపలు కరెంటు వచ్చిన తరువాత చచ్చుటకు ఇదియొక కారణము. కనుక కరెంటు త్వరలో రాదని తోచగనే డబ్బా తెరచి, స్పాంజిని తొట్టి నీటిలోనే వ్రేలాడగట్టవలెను. తిరిగి అమర్చునప్పుడు తొట్టి నీటితోనే కడుగవలెను. కుళాయి నీటిలోని క్లోరిను మిగిలిన జీవులనుగూడ చంపును.

తొట్టిలో మొక్కలున్నవి గదా యని ధీమా పనికిరాదు. వెలుతురున్నంతసేపే అవి ప్రాణవాయువు నిచ్చును; చీకటిలో అవియు చేపలతో పాటు వాడుకొనును. అందుచే తెల్లవారుజామే గడ్డు సమయము. వేసవియు అట్టిదే, ఏలనగా నీరు వేడెక్కిన కొలది ప్రాణవాయువు తగ్గును. అద్దము వెలుపల తడిగుడ్డ చుట్టి నీడ చేయుట మేలు.

ముందుగా సమకూర్చుకొనుటకు ఖర్చు పెద్దగా లేదు. చిన్న గాలి పంపు మూడు నాలుగు వాట్లే తీసుకొనును. దుకాణములో ఇన్వర్టరు ఉన్నచో గంటల తరబడి నడచును. నీరు వెచ్చజేయు హీటరును మాత్రము దానికి తగిలింపరాదు. టార్చి సెల్లులతో నడచు పంపులు, పవర్ బ్యాంకుతో నడచు పంపులు కూడ దొరకును. పంపును నీటిమట్టమునకు పైన ఉంచవలెను. క్రింద ఉంచినచో, కరెంటు పోగానే నీరు గొట్టము వెంట వెనుకకు దిగి పంపులోనికిని, అచట నుండి నేలమీదికిని కారును. బల్ల క్రింద లెక్క పుస్తకములున్నచో చెప్పనేల! తప్పనిసరిగా క్రిందనే ఉంచవలసిన చోట, నీటిని వెనుకకు రానీయని చిన్న వాల్వును గొట్టము మధ్య అమర్చవలెను. అది చేపలమ్ము దుకాణములలో స్వల్ప వెలకే దొరకును.