రైతు ఉంచుకొనదగిన రెండు తుపాకులు

రామగుండము, గోదావరిఖని ప్రాంతముల పట్టాదారులకు



మక్కజొన్న కంకివేయు కాలమున అడవిపందుల గుంపు ఒక్క రాత్రి చేనిలో చొరబడినచో, నెలల కష్టము తెల్లవారునప్పటికి నేలపాలగును. అట్టి నష్టము పొందిన రైతు తుపాకిని కోరుట సహజము. అయితే ఎన్ని తుపాకులు ఉంచుకొనవచ్చును, అవి యే విధమైనవి కావలెను అను విషయమున గ్రామములందు పలువురు పలువిధములుగా చెప్పుచున్నారు. కావున శాసనము చెప్పునదియు, అనుభవము చెప్పునదియు ఇందు సంగ్రహముగా తెలుపబడుచున్నవి.

1. శాసనపు హద్దు

1959 సంవత్సరపు ఆయుధముల చట్టమునకు 1983లో జరిగిన సవరణచే ఒక్కొక్కరు మూడు తుపాకులవరకు ఉంచుకొనవచ్చునని ఏర్పడెను. 2019లో జరిగిన మరియొక సవరణచే ఆ సంఖ్య రెండునకు తగ్గి, ఆ యేటి డిసెంబరు 14వ తేదీనుండి అమలునకు వచ్చెను. మూడవది కలవారు సంవత్సరములోగా దానిని పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగింపవలసియుండెను. తాతలనాటి తుపాకి లెక్కకు రాదని తలంచుట పొరపాటు. వారసత్వముగా వచ్చినదియు ఈ రెండింటిలోనిదే.

లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనువారికి రెండు సంవత్సరములకు తక్కువకాక అయిదు సంవత్సరములవరకు ఖైదును, జుర్మానాయును కలవు. పెండ్లి ఊరేగింపులలో ఇతరులకు అపాయము కలుగునట్లు కాల్చుటయు నేరమే.

2. చేనికి ఏది తగును

ఆ చట్టపు 13వ సెక్షను పంటరక్షణకొరకు మూతినుండి మందు దట్టించు తుపాకిని, అనగా మనవారు బర్మారు అనుదానిని, పేర్కొనుచున్నది. అది చాలదని అధికారికి తోచిన యెడల, 20 అంగుళములకు తక్కువకాని నున్నని గొట్టముగల వేరొక తుపాకికి అనుమతి నొసగవచ్చును.

బర్మారు వెల తక్కువది. కాని ఒకసారి దట్టించిన మందును కాల్చక తీయుట కష్టము. అందుచే పలువురు దానిని దట్టించినదానిని దట్టించినట్లే యింటిగోడకు తగిలింతురు. పిల్లలున్న యింటిలో ఇంతకంటె అపాయము లేదు.

కావున మొదటి తుపాకిగా 12 బోరు జోడుగొట్టముల తుపాకిని కొనుట మేలు. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో, ఒక గుండు సరిగా పట్టు గొట్టమునకే 12 బోరు అని పేరు. దీనిని నడుమ విరిచిన వెంటనే తూటా కలదో లేదో కన్నులకు కనబడును. తూటాను మార్చినచో అదే తుపాకి వేరువేరు పనులకు వచ్చును. బెదరించుటకు సన్నగుళ్ళ తూటా ఆకాశమువైపు చాలును. అనుమతి పొంది పందిని కొట్టుటకు ఎల్.జి., ఎస్.జి. అను పెద్దగుళ్ళ తూటాలు కావలెను. 40 గజములు దాటిన దూరమున కాల్చరాదు. గాయపడి పారిపోయిన పంది మరునాడు కలుపుతీయు స్త్రీలపై పడును.

3. రెండవది ఏది

కొందరు .315 రైఫిలును కోరుదురు. ఇచ్ఛాపూరు కర్మాగారమునందు చేయబడు ఆ రైఫిలు గుండు రెండు మైళ్ళవరకు పోగలదు. .22 రైఫిలు చిన్నదైనను దాని గుండు మైలు దాటును. అంతయు పోయియు అది పందిని చంపక గాయపరచును. 12 బోరు సన్నగుళ్ళు ఇన్నూరు గజములు దాటి కొంతదూరమున నేల రాలును. పెద్దగుళ్ళు ఆరేడువందల గజములవరకు పోగలవు. రివాల్వరు చేనిపనికి రానే రాదు.

మన ప్రాంతమున ఈ దూరముల లెక్క మిక్కిలి ముఖ్యము. ఇతర తాలూకాలలో రాత్రివేళ పొలముదారి నిర్జనముగా నుండవచ్చును. ఇచ్చట బొగ్గుగనులలో మూడు షిఫ్టుల పని జరుగుచుండుటచే, ఏ జామున చూచినను దారిపై మనుష్యులుందురు. చేనిలో ఆకు కదలినంతనే కాల్చినవాడు, ఆవలిదారిని షిఫ్టుదిగి వచ్చుచున్న కార్మికుని కాల్చినవాడు కావచ్చును. ప్రక్కచేని మంచెపై నిద్రించు పొరుగురైతును కాల్చినవాడును కావచ్చును.

కావున రెండవ తుపాకి నిజముగా అవసరమైనచో, అదియు 12 బోరే కావలెను. ఒంటిగొట్టపుది చాలును. మొదటిది మరమ్మతునకు పోయినప్పుడు ఇది పనికి వచ్చును. బోరు ఒక్కటే యగుటకు ముఖ్యకారణము కలదు. ఒకటి 12, మరియొకటి 20 బోరు అయినచో తూటాలు కలిసిపోవును. 20 బోరు తూటా 12 బోరు గొట్టములో లోనికి జారి చిక్కుకొనును. చీకటిలో గొట్టము వట్టిదని తలంచి వెనుక మరియొక తూటా పెట్టి కాల్చినచో, గొట్టము పగిలి చేయి పోవును. పాతకాలపు తుపాకి గదులు కొన్ని రెండున్నర అంగుళముల తూటాకే చేయబడినవి. వానిలో రెండుముప్పాతిక అంగుళముల తూటా వాడరాదు. కొనుటకు ముందు తుపాకి పనివానిచే పరీక్షింపజేయుడు.

అవసరము లేనిచో రెండవ స్థానమును ఖాళీగా ఉంచుటయే ఉత్తమము. చట్టము రెండింటిని అనుమతించినదేగాని, రెండును కొనుమని ఆజ్ఞాపింపలేదు.

4. తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు

అడవిపంది 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టపు రెండవ షెడ్యూలులో నున్నది. నిలువుపంటకు నష్టము చేయు పందిని కొట్టుటకు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకునిచేగాని, అతడు అధికారమిచ్చిన అధికారిచేగాని వ్రాతమూలకమగు ఆజ్ఞ పొందవలెను. అట్లు చంపబడిన జంతువు సర్కారు సొత్తు, మాంసమును పంచుకొనరాదు. నెమలి మొదటి షెడ్యూలులోనిది; గింజలు తిన్నను దానిపై తుపాకి ఎత్తరాదు.

తుపాకి దొరకనివారు చేనిచుట్టు కరెంటుతీగ కట్టుట అంతకంటె ఘోరము. ఆ తీగ పందిని, పసిబాలుని వేరుపరుపదు. నీరు కట్టుటకు రాత్రి పోయిన రైతులే అట్టి తీగలకు బలియైరి. గోదావరి ఆవలి మంచిర్యాల అడవులలో పులులును చచ్చినవి. పంటనష్టమునకు పరిహారము కోరుచు అటవీశాఖకు దరఖాస్తు చేసికొనవచ్చును. నష్టము కనబడిన వెంటనే ఆ పని చేయుడు.

5. దరఖాస్తునకు ముందు చేయవలసిన పని

2016లో ఏర్పడిన రామగుండము పోలీసు కమిషనరేటు క్రింద పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు కలవు. లైసెన్సు దరఖాస్తు అచ్చటనే ఈయవలెను. దరఖాస్తుదారునికి 21 సంవత్సరములు నిండియుండవలెను. తుపాకి వాడుకలో శిక్షణ పొందిన పత్రమును, ఇంటిలో భద్రముగా దాచు ఏర్పాటును కావలెను. లైసెన్సు అయిదు సంవత్సరములు చెల్లును. ఎన్నికల కాలమున తుపాకిని ఠాణాలో అప్పగింపుమని ఆజ్ఞ వచ్చినచో, రసీదు తీసికొని అప్పగింపుడు. జీతగానిచేతికి తుపాకి ఈయకుడు.

ఈ కాగితములు సిద్ధము చేయుటకు ముందు ఒకనాటి పగలు చేనికి పొండు. మంచెపై నిలిచి నాలుగు దిక్కులు చూడుడు. ఏ దిక్కున దారి, ఇల్లు, గని, పొరుగువాని మంచె కలవో ఆ దిక్కున ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱ పాతుడు. ఆ వైపు ఎన్నడును కాల్చరాదు. మిగిలిన దిక్కులందును మంచెపైనుండి క్రిందికి, గుండ్లు మీ నేలలోనే దిగునట్లు మాత్రమే కాల్చవలెను. నాలుగు దిక్కులను ఎఱ్ఱగుడ్డలే నిలిచినచో, ఆ చేనికి తుపాకి తగదని తెలిసికొని, డప్పు, దీపము, కందకములను ఆశ్రయింపుడు.