‘ఫాట్లింగ్’ అను పదము

మత్తయి సువార్త 22వ అధ్యాయమందలి పెండ్లివిందు ఉపమానమును తెనిగించుచు ఒక విద్యార్థి ‘ఫాట్లింగ్’ అను ఆంగ్లపదమునకు ‘చిన్న దూడ’ అని వ్రాసెను. ‘డక్లింగ్’ అనగా బాతుపిల్ల యగుటచే నట్లు తోచెను.

1611 నాటి ఆంగ్ల బైబిలులోని యీ పదమున ‘ఫాట్’ అనగా క్రొవ్విన. ‘లింగ్’ అను ప్రత్యయ మిచ్చట అట్టి గుణము గలదానిని తెలుపును. కూలికి కుదిరిన ‘హైర్లింగ్’ చిన్నవాడు కానక్కరలేదు గదా! సామాన్యముగా లేత పశువునకే యీ పేరు చెల్లినను, వధకై మేపి బలిపించుటయే ఇందు ప్రధానార్థము.

గ్రీకుమూలమందలి ‘సితిస్తా’ అను మాటయు ధాన్యవాచకమగు ‘సితోస్’ నుండి పుట్టినది. అట్టి మేపు ఒక దినములో ముగియునది కాదు. రాజు ముందునుండియే సిద్ధపడెను. పిలువబడినవారు దానిని తృణీకరించిరి. ‘చిన్న దూడ’ అన్నచో ఈ భావము నశించును. బాలురారా, ప్రత్యయమును మాత్రమే చూచి తొందరపడకుడు. సందర్భమును చూచి అర్థము నిర్ణయింపుడు.