అధికార విభజనము

అనకాపల్లి బెల్లపు విపణికి పేరుగాంచిన పట్టణము. అచట తూకపు నియమము పెట్టువాడును, తూచువాడును, తగవు తీర్చువాడును ఒక్కడే యైనచో రైతు గతి యేమి? ఈ మూడు పనులును వేఱువేఱు చేతులలో నుండవలెను. 1966లో ఆంధ్రప్రదేశ్ చట్టసభలు విపణుల చట్టమును చేసినవి. దానిని అమలుపరచునది ప్రభుత్వము. వివాదములను తీర్చునవి న్యాయస్థానములు.

1787లో రచింపబడిన అమెరికా రాజ్యాంగమునందు ఈ విభజన మఱింత కచ్చితమైనది. మన మంత్రులు చట్టసభలో సభ్యులు. అచటి అధ్యక్షుడుగాని మంత్రులుగాని కాంగ్రెసను చట్టసభలో సభ్యులు కారాదు. కాంగ్రెసు పంపిన బిల్లును అధ్యక్షుడు నిరాకరింపవచ్చును. ఉభయసభలును మూడింట రెండు వంతుల ఆధిక్యముతో మరల ఆమోదించినచో అది చట్టమగును. అట్టి చట్టమైనను రాజ్యాంగమునకు విరుద్ధమైనచో సుప్రీంకోర్టు కొట్టివేయగలదు.

ఇందువలన కొన్ని పనులు ఆలస్యమగును. కాని ఒక్కని లోభమునకు ప్రజలెల్లరును బలి కారు.