మనసుకు పదును పెట్టే పనులు

"వీడికి చదువు ఎక్కదు" అనే మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినబడిందా? మీ గురించే అన్నారా? మన వాడల్లో ఈ మాట పడని పిల్లలు తక్కువ. అనగా అనగా అది లోపలికి దిగిపోతుంది. పెద్దయ్యాక ఆ పిల్లవాడే "నాకంత బుర్ర లేదండీ" అంటాడు. మీటింగులో పుస్తకం చేతికిస్తే వెనక్కిచ్చేసే వాళ్లు చాలామంది చెప్పే కారణం ఇదే.

బౌద్ధ కథల్లో ఇదే మాట పడ్డవాడు ఒకడున్నాడు. పేరు చుల్ల పంథకుడు. వాళ్లమ్మ రాజగృహంలో ధనవంతుల బిడ్డ. తమ ఇంట్లో పనిచేసే దాసుడితో వెళ్లిపోయింది. దారిలో కన్నది కాబట్టి పిల్లలిద్దరికీ పంథకులనే పేరొచ్చింది. అన్న మహా పంథకుడు ముందుగా సంఘంలో చేరి అర్హంతుడయ్యాడు, తర్వాత తమ్ముణ్ణీ చేర్పించాడు. నాలుగు పాదాల గాథ ఒకటిచ్చి నేర్చుకోమంటే తమ్ముడికి నాలుగు నెలలైనా రాలేదు. కొత్త పాదం వస్తే పాతది పోయేది. చివరికి అన్నకే విసుగొచ్చి "నీ వల్ల కాదు, వెళ్లిపో" అన్నాడు. జీవకుడు భిక్షువుల్ని భోజనానికి పిలిచినప్పుడు తమ్ముణ్ణి లెక్కలోంచి తీసేశాడు కూడా. సొంత అన్నే!

తెల్లారుజామున వెళ్లిపోతున్నవాణ్ణి బుద్ధుడు గుమ్మం దగ్గర ఆపాడు. ఆ గాథ మళ్లీ ఎత్తలేదు. తెల్లటి గుడ్డముక్క ఒకటి చేతిలో పెట్టి, తూర్పుకు తిరిగి కూర్చొని దాన్ని రుద్దుతూ "రజోహరణం" అనుకుంటూ ఉండమన్నాడు. రజం అంటే దుమ్ము, హరణం అంటే పోగొట్టడం. రుద్దగా రుద్దగా చేతి చెమటకు గుడ్డ మాసింది. ఇందాక తెల్లగా ఉన్నది ఇప్పుడు ఇట్లా అయిందంటే, ఏదీ ఉన్నట్టే ఉండిపోదని పంథకుడికి తట్టింది. దులపాల్సిన దుమ్ము గుడ్డ మీదది కాదు, మనసులోని రాగం, ద్వేషం, మోహం అని తెలిసింది. నాలుగు నెలల్లో రానిది ఒక్క పొద్దుట్లో వచ్చింది. ఆ తర్వాత కథలో అద్భుతాలు చాలా కలిపారు. వాటితో మనకు పని లేదు.

ఇక్కడ బుద్ధుడు శిష్యుణ్ణి మొద్దు అనలేదు, పని మార్చాడు. బట్టీ మాన్పించి, కళ్లముందున్న దాన్ని చూడమన్నాడు.

మీ గుడ్డముక్క మీ ఇంట్లోనే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరడం, అంట్లు తోమడం, వాకిలి ఊడవడం, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. రోజూ అదే పని చేసేటప్పుడు ఫోను వేరే గదిలో పెట్టండి, టీవీ ఆపండి. గిన్నె బరువు, నీళ్ల చల్లదనం, చేతి కదలిక గమనించండి. మనసు అప్పుల మీదికో, నిన్నటి తగువు మీదికో పోతుంది. పోనివ్వండి, పోయిందని తెలియగానే మళ్లీ గిన్నె దగ్గరికి రండి. ఆ రావడమే సాధన. సతిపట్ఠాన సుత్తంలో ఎరుకతో చేయాల్సిన పనుల్లో నడవడం, తినడం, చేయి ముడవడం, చాపడమే కాదు, దొడ్డికి పోవడం కూడా ఉంది. కాబట్టి "మాకు ధ్యానానికి తీరిక ఎక్కడిదండీ" అనే మాట చెల్లదు.

పొద్దున్నే పది నిమిషాలు దొరికితే కూర్చొని శ్వాస లెక్కపెట్టండి. ఐదుకు తక్కువ కాకుండా, పదికి మించకుండా లెక్కించమని బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో చెప్పాడు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. మొదటి వారం నాలుగు దాటకపోయినా దిగులు పడొద్దు.

ఐదో శీలం సంగతి. మత్తు పదార్థాలు ఎందుకు వద్దో ఆ శీలంలోనే ఉంది, అవి ప్రమాదానికి తావిస్తాయి అని. పాళీలో పమాదం అంటే మనం వాడే యాక్సిడెంటు అర్థం కాదు, ఏమరుపాటు. దానికి ఎదురుగా ఉన్న అప్పమాదం మీద ధమ్మపదంలో రెండో అధ్యాయం మొత్తం ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్న మాట ఊరికే చేర్చలేదు. పగలంతా ఊడ్చి పదునుపెట్టిన మనసును రాత్రి ఒక్క సీసాతో మొద్దుబార్చుకుంటామా?

చదువుకూ మత్తుకూ ఉన్న వైరం మన దగ్గరే రుజువైంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చారు. పాఠంలో తాగుడు వల్ల చితికిన ఇల్లు కనబడింది, అది తమ ఇల్లే. చదివింది అక్కడే వదిలెయ్యకుండా మాట్లాడుకున్నారు, సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్లలో చాలామందికి అంతకు ముందు పలక పట్టడమే తెలియదు.

నేను బి.ఏ. గైడ్లు బట్టీపట్టి పాసయ్యాను. ఇప్పుడు అందులో ఒక్క పేజీ గుర్తు లేదు. అందుకే రోజుకు ఒక్క పేజీ చాలంటాను. చదవండి, పుస్తకం మూసెయ్యండి, ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పండి. వినేవాళ్లు "అట్లా ఎందుకు?" అని అడిగితే విసుక్కోకండి. జవాబు రాకపోతే పుస్తకం మళ్లీ తెరవండి. పిల్లవాడు తడబడుతుంటే "నీకు ఎక్కదు" అనకుండా, ఇంకో రకంగా చెప్పి చూడండి.